సందంతా మా చిన్నత్త పేరు మీదే

మొన్న మా పక్కింట్లో అద్దెకు దిగినాయన సాయంత్రం పూట గేటు దగ్గర నిలబడి, మొహమాటపడుతూ ఒక సంగతి అడిగాడు. వాళ్ళ అమ్మాయికి ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చిందట. లేనివాళ్ళ పిల్లలకు ఫీజు ప్రభుత్వమే కడుతుందని అంటున్నారు గానీ, దానికి ఏమేం కావాలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారట. మీరు అయ్యవారుగా పనిచేసి రిటైరైనవాళ్ళు కదా, కాస్త చెప్పండి అన్నాడు. ఆదాయం సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు, బియ్యం కార్డు అంటూ వరసగా మొదలుపెట్టాల్సిన వాణ్ణి, నోటికొచ్చిన మొదటి మాటగా, "మీ కరెంటు మీటరు ఎవరి ఆధార్‌కు లింకై ఉండాదో సూసుకున్నారా అప్పా?" అనేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పిల్ల చదువు సంగతి అడిగితే ఈయన మీటరు సంగతి మాట్లాడతాడేమిటి, వయసు మీద పడినట్టుంది అనుకుని ఉంటాడు. లోపలికి పిలిచి, కాఫీ ఇప్పించి, మా చిన్నత్త కథ చెబితే గానీ ఆయన ముఖం మామూలుగా కాలేదు. ఆయన వెళ్ళిపోయినా కథ మాత్రం నన్ను వదలలేదు.

చిన్నత్త అంటే మా నాయనకు ఆఖరి చెల్లెలు. నాకంటే మరీ పెద్దదేం కాదు. అందువల్ల పెద్దదానిలా నన్ను కోప్పడే హక్కూ, ఈడుదానిలా నాతో పోట్లాడే హక్కూ రెండూ తనవే అనుకునేది. తిరుపతిలో రైలు పట్టాలకు దగ్గరగా ఒక సందులో వాళ్ళ ఇల్లు. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు గోడకు అతుక్కుని దారివ్వాల్సినంత సందు అది. ఒకరింట్లో తిరగమోత పెడితే మూడో ఇంట్లో తుమ్మేవారు. మామ స్టేషను దగ్గర నుంచి అలిపిరికి ఆటో తోలేవాడు. రోజంతా యాత్రికులతో మాట్లాడీ మాట్లాడీ మాటలు అయిపోయినట్టు ఇంట్లో నోరు మెదిపేవాడు కాదు. ఆ లోటు అత్త పూడ్చేది. ఇంటి ముందరి గదిలో మిషను పెట్టుకుని రవికెలు కుట్టేది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లను ఇంట్లోనూ సందులోనూ అందరం పాప అనే పిలిచేవాళ్ళం.

వాళ్ళ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు పరుపుల అవ్వది. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టే ముస్లిం కుటుంబం. అవ్వ, ఆమె కొడుకు, కోడలు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవారు గానీ, మా అత్తతో తగాదాకు మాత్రం అవ్వకు తెలుగే అనువుగా ఉండేది. తగాదా అంటే పెద్దదేమీ కాదు, దూది గురించే. వాళ్ళ వీధి గదిలో దూది ఏకే మోటారు ఉండేది. పొద్దున దాన్ని ఆన్ చేశారంటే అత్త ఇంట్లో గూట్లో గ్లాసులు కూడా సన్నగా మోగేవి. కిటికీలోంచి దూది పోగులు లేచి సందంతా తేలుతూ, చివరికి మా అత్త మిద్దె మీద ఎండబెట్టిన వడియాల మీద వాలేవి. అత్త పిట్టగోడ మీదికి వంగి, "ఇవి వడియాలా, ఒత్తులా అవ్వా? వేయించుకోవాల్నా, దీపం పెట్టుకోవాల్నా?" అని అడిగేది. గడపలో కూర్చున్న అవ్వ తల పైకెత్తకుండానే, "రెండూ చేసుకోమ్మా, నూనె నీదే గదా" అనేది. ఈ సంభాషణ నేను వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక రూపంలో వినేవాణ్ణి. అది అయ్యాకే ఇద్దరూ మధ్యాహ్నం వంటకు దిగేవారు.

ఇప్పుడంటే కరెంటు బిల్లు ఫోన్లోనే కట్టేస్తున్నాం. అప్పట్లో కరెంటాఫీసుకు పోయి వరసలో నిలబడాలి. సందులో అందరూ పనులకు పోయేవాళ్ళే కాబట్టి ఎవరికీ తీరిక ఉండేది కాదు. అత్తకు ఉండేది. ఉండేది అనడం కంటే, ఆ పని కోసం తీరిక చేసుకునేది అనాలి. బిల్లులు వచ్చాయంటే సందులోని ఇళ్ళవాళ్ళంతా బిల్లూ డబ్బూ తెచ్చి అత్తకిచ్చేవారు. అత్త ఇస్త్రీ చీర కట్టి, తలలో కనకాంబరాలు పెట్టుకుని, పసుపు గుడ్డసంచి చంకన తగిలించుకుని, పెళ్ళికి పోయినట్టు పోయేది. బిల్లులు కట్టి, బజారులో ఒక హోటల్లో కాఫీ తాగి, తిరిగొచ్చి ఇంటింటికీ రసీదులు పంచేది. పోయిరావడానికి పట్టినంతకు రెట్టింపు పొద్దు ఆ పంపకానికి పట్టేది, ఎందుకంటే వరసలో విన్న సంగతులన్నీ రసీదుతో పాటే అందజేయాలి. "మీటరు గోడ మీదకన్నా మీ అత్త నోట్లోనే జోరుగా తిరుగుతాది" అని మామ ఒకసారి నాతో అన్నాడు. ఆయన నాతో అన్న పొడుగాటి వాక్యాల్లో అదొకటి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఎవరో మనిషి వచ్చి, ప్రతి ఇంటి మీటరుకూ ఆ ఇంటివాళ్ళ ఆధార్ నంబరు కలపాలని సందులో తలుపులు తట్టాడు. అన్నిటికీ తాళాలు. అవ్వ ఇంట్లో కూడా ఎవరూ లేరు, ఏదో పెళ్ళికి పోయారు. అత్త మిషను ఆపి బయటికొచ్చింది. మా వైపు గ్యాసు బండ వచ్చినా, కొరియరు వచ్చినా, ఇంట్లో ఉన్నవాళ్ళు లేనివాళ్ళ కోసం తీసిపెట్టడం మామూలే. ఆధార్ కూడా అలాంటిదే అనుకుంది అత్త. "వాళ్ళు లేకుంటే ఏమి, నేనుండాను గదా, నాది రాసుకోండి" అని సందులోని మీటర్లన్నిటికీ తన నంబరే చెప్పింది. ఎండన పడి వచ్చిన ఆ మనిషి కూడా ఎక్కువగా ఆలోచించినట్టు లేదు. అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, అన్నీ ఎక్కించుకుని పోయాడు. సాయంత్రం అందరూ ఇళ్ళకు చేరాక, మీ పని కూడా నేనే చేసేసినాను అని అత్త గొప్పగా చెప్పుకుంటే, అందరూ మేలు చేశావన్నారు. నేను కూడా అక్కడే ఉన్నాను. నాకూ మేలుగానే అనిపించింది.

తరవాత పాప ఇంటర్ పాసై, ఎంట్రన్సులో మంచి ర్యాంకు తెచ్చుకుని, ఏర్పేడు దారిలో ఒక కాలేజీలో సీటు సంపాదించింది. ఫీజు వాళ్ళు కట్టగలిగింది కాదు. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు మీదే ఆశంతా. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ పథకానికి పేరు మారుతుంది గానీ, అడిగే కాగితాలు మాత్రం పెద్దగా మారవు. ఆదాయం ఒక హద్దు లోపల ఉండాలి. పొలం ఎక్కువ ఉండకూడదు. మా అత్తకు తులసికోటలోని మట్టి తప్ప వేరే నేల లేదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. మామ ఆటోకు మూడే. ఇంట్లో సర్కారు ఉద్యోగం ఉండకూడదు, పన్ను కట్టేంత సంపాదన ఉండకూడదు. ఇవన్నీ నేను చదివి చెబుతుంటే అత్త ఒక్కొక్క దానికీ "లేదు", "లేదు" అంటూ వచ్చి, చివరికి చిన్నబుచ్చుకుంది. "ఇన్ని లేవని నాకు ఇన్నాళ్ళూ తెలీదే అల్లుడా" అంది.

ఆదాయం సర్టిఫికెట్టు కోసం తహసీల్దారాఫీసుకు నేనే స్కూటరు మీద తీసుకుపోయాను. బయల్దేరే వేళకు పట్టుచీరా, మెడలో గిల్టు గొలుసూ, తల నిండా పూలతో వచ్చి నిలబడింది. అత్తా, మనం పోతున్నది లేనివాళ్ళమని రాయించుకోవడానికి, కాస్త మామూలుగా రావచ్చు కదా అన్నాను. "లేనోళ్ళమైతే మాసిన కోక కట్టుకుని పోవాల్నా? ఉండేది ఉండాదని చెప్తాము, లేనిది లేదని చెప్తాము. దానికి ఏడుపు మొగమెందుకు?" అని స్కూటరెక్కి కూర్చుంది. అక్కడి గుమాస్తా ఆమెను చూసి ఎవరో ఆఫీసరు భార్య అనుకుని కుర్చీ వేయించాడు. అత్త దర్జాగా కూర్చుని తన పేదరికం వివరాలన్నీ చెప్పింది. తల వంచుకోవాల్సిన చోట తల ఎత్తుకుని కూర్చున్న ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

సర్టిఫికెట్టు వచ్చింది. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపారు, కాలేజీలో వేలిముద్రలు వేశారు. పాప తరగతులకు పోవడం మొదలుపెట్టింది. అంతా అయిపోయిందనుకున్నాక అర్హుల జాబితా వచ్చింది. అందులో పాప పేరు లేదు. పరీక్షలలోపు ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్టు ఇవ్వమని కాలేజీవాళ్ళు అప్పటికే చెప్పి ఉన్నారు. అత్తను వెంటబెట్టుకుని వార్డు సచివాలయానికి పోయాను. అక్కడున్న అమ్మాయి కంప్యూటర్లో చూసి, మీ ఇంట్లో కరెంటు వాడకం హద్దు దాటిపోయింది అంది. ఒక ఫ్యానూ, రెండు లైట్లూ, ఒక టీవీ ఉన్న ఇల్లు. కుట్టు మిషను కూడా కాలితో తొక్కేదే. ఆ అమ్మాయి ఇంకొంచెం కిందికి చూసి, ఆశ్చర్యంగా తలెత్తి, "ఏందమ్మా, సందు సందంతా మీదేనా?" అని అడిగింది. ప్రభుత్వం లెక్కలో మా చిన్నత్త ఆ సందులోని ఇళ్ళన్నిటికీ యజమానురాలు. అయ్యవారిని చేయబోతే కోతి అయినట్టు, నలుగురికీ మేలు చేయబోయి తన బిడ్డ ఫీజుకే ఎసరు పెట్టుకుంది.

నాకు నవ్వాగలేదు. అత్త కూడా నవ్వింది. ఎవరి మీటరు వాళ్ళు తమ ఆధార్‌కు మార్చుకుంటామని అర్జీ పెడితే, లైన్‌మ్యాన్ వచ్చి చూసి రాస్తే సరిపోతుందని ఆ అమ్మాయి చెప్పింది. అక్కడితో అయిపోవాల్సిన కథే. కానీ ఆ అమ్మాయి మంచిది, ఇంకో మాట కూడా చెప్పింది. తక్కిన ఇళ్ళవన్నీ కలిపినా కొంచెమే, ఒక్క మీటరు మీదే యూనిట్లు ఇట్లా తిరిగాయి, అందులో మోటారేదో ఉన్నట్టుంది, ఆ ఒక్కటీ మీ మీద ఉన్నా మీకు ఫీజు రాదు, వాళ్ళ పేరుకు మార్చుకుంటే ఆ ఇంట్లో ఎవరికైనా పింఛను వస్తుంటే అది ఆగిపోతుంది, పింఛనుకు కూడా ఇదే హద్దు, చూసుకోండి అంది. అవ్వకు పింఛను వస్తుందని మా ఇద్దరికీ తెలుసు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తక్కినవాళ్ళందరూ విన్నదే తడవుగా అర్జీలు పెట్టేశారు. అవ్వ ఇంటికి మాత్రం అత్త పోలేదు. నేను పోయి చెబుతానంటే వద్దంది. ఆ పింఛను డబ్బుతోనే అవ్వ మందులు కొనుక్కుంటుంది, మిగిలితే సందులో పిల్లలకు ఏదో ఒకటి కొనిపెడుతుంది, కొడుకు దగ్గర చెయ్యి చాపకుండా బతుకుతోంది. "ముసలామె చేతిలో ముద్ద లాక్కుని నా బిడ్డను సదివించుకోవాల్నా?" అంది అత్త. పోనీ ఊరుకుందామా అంటే పాప చదువు. ఆ పూట నుంచి అత్తకు అన్నం సయించలేదు. వడియాల మీద దూది పడినా పిట్టగోడ దగ్గరికి పోయి అడగడం మానేసింది. పోగులు ఏరుకుని, చప్పుడు చేయకుండా లోపలికి వచ్చేసేది.

పాపది తల్లి పోలిక కాదు, తండ్రి పోలిక. ఏమీ అనకుండానే ఏదో ఒకటి చేసేస్తుంది. నాయుడుపేట దగ్గర కంపెనీల్లో పనికి ఆడపిల్లలను తీసుకుపోయే బస్సు తెల్లవారకముందే రోడ్డు మలుపులో ఆగుతుంది. ఒకరోజు కాలేజీకని చెప్పి, ఆ బస్సులో పోయే ఒక పిల్ల వెంట పోయి, పని అడిగి వచ్చింది. వచ్చే వారం నుంచి రమ్మన్నారట. ఆ సంగతి నాతో చెప్పి, "అమ్మకు మీరే చెప్పండి బావా. రెండేండ్లు పనిచేసి మళ్ళా సదువుకుంటాను" అంది. రెండేళ్ళు ఆగి మళ్ళీ చదువుకుంటామన్న పిల్లల్ని మా బళ్ళో చాలామందిని చూశాను. తిరిగొచ్చినవాళ్ళు నాకు గుర్తు లేరు. సరే చూద్దాం అని మాత్రం అన్నాను. నాకు చాలా బాధేసింది.

పరుపుల అవ్వ ఎప్పుడూ గడప దాటి ఎదురింటికి వచ్చేది కాదు. మోకాళ్ళ నొప్పులు ఒక కారణం, తగాదా మర్యాద ఇంకో కారణం. ఆ ఆదివారం నేనక్కడే ఉన్నాను. అవ్వ గోడ పట్టుకుని, మెల్లగా సందు దాటి వచ్చి, అత్త మిషను పక్కన చాప మీద కూలబడింది. ఇన్ని రోజులుగా మీ అమ్మ దూది గురించి నన్నొక మాట అనలేదు, ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగలేదేమో అని అంతకు ముందే కోడల్ని పంపి పాపను అడిగించిందట. పాప దాచలేక అంతా చెప్పేసింది. అవ్వ ఊపిరి తీసుకుని, "మా మీటరు మాకిచ్చెయ్యి బేటీ" అంది.

అత్త పింఛను మాటెత్తబోయింది. అవ్వ చేత్తో ఆపింది. "నా పింఛను ఆగితే మళ్ళా అర్జీ పెట్టుకుంటాను. ఇయ్యాల కాకుంటే రేపు వస్తాది. పాప సదువు ఆగితే మళ్ళా యాడ వస్తాది? ఆ మోటారు మాది, దాని యూనిట్లు మావి. ఈడ మద్దెలో నువ్వేంది మోసేది?" అంది. అత్త ముఖం మిషను మీద పెట్టుకుని ఏడ్చేసింది. అవ్వ ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను, ఎందుకంటే నాకూ ఏడుపొచ్చేట్టుంది, అయ్యవారికి అది బాగుండదని అప్పట్లో అనుకునేవాణ్ణి.

అవ్వ అంతటితో వదల్లేదు. ఇంటి మీటరు మీద అంగడి మోటారు నడపడం మనదే తప్పు, దానికి వేరే మీటరు పెట్టించు అని కొడుకుతో చెప్పింది. అంగడి మీటరు పింఛను లెక్కలోకి రాదు గానీ, దానికి రేటు ఎక్కువ. అయినా ఆయన మారు మాట్లాడకుండా దరఖాస్తు పెట్టాడు. కొత్త మీటరు వచ్చేదాకా ఇంటి కరెంటుతో మోటారు తిప్పితే అమ్మ పింఛనుకు దెబ్బ. అలాగని పెళ్ళిళ్ళ కాలంలో పరుపుల పని ఆపలేడు. అటక మీద నుంచి వాళ్ళ నాయన వాడిన దూది ఏకే విల్లు దించాడు. మనిషంత పొడుగు విల్లు, దానికి బిగించిన నారి. కొయ్య గుండుతో ఆ నారిని మీటితే టంగుమని మోగుతూ దూదిని చీల్చి పొంగిస్తుంది. చిన్నప్పుడు నాయన దగ్గర నేర్చుకుని వదిలేసిన పని. మొదట్లో ఆయన వేళ్ళు బొబ్బలెక్కాయి. మోటారుకు పూట పట్టే పని విల్లుకు దినమంతా పట్టేది. సందంతా ఆ టంగు టంగు మోతే. మోటారు రొదకు అలవాటు పడిన చెవులకు అది పాటలా వినిపించేది. పాప పుస్తకాల సంచీతో వాళ్ళ గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడు ఆయన మీటడం ఆపి, ఆ పిల్ల దాటిపోయాక మళ్ళీ మొదలుపెట్టేవాడు, కాలేజీకి పోయే పిల్ల బట్టల మీద దూది పడకూడదని.

మీటర్లు ఎవరివి వారికి మారాయి. పాప పేరుకు మళ్ళీ పెట్టిన అర్జీ మంజూరైంది. హాల్‌టికెట్టు తెచ్చుకున్న రోజు పాప ముందు ఎదురింటికి పోయి అవ్వకు చూపించి, ఆ తరవాతే తన ఇంటికి వచ్చిందని అత్త నాతో నిష్ఠూరంగా చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. అవ్వ పింఛను ఆగలేదు. ఆగుతుందని భయపడుతూనే ఆమె ఆ మీటరు అడిగి తీసుకుందని మాత్రం మేమెవరం మరిచిపోలేదు. పాప చదువు ముగించి ఇప్పుడు చిత్తూరులో ఉద్యోగం చేస్తోంది. ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది.

కొత్త మీటరు బిగించిన పొద్దున నేను ఏదో పని మీద ఆ సందుకు పోయాను. మోటారు మళ్ళీ రొద మొదలుపెట్టింది. దూది లేచి సందంతా తేలింది. ఇన్నాళ్ళూ విల్లు మోతకు, అవ్వ చేసిన మేలుకు తలొగ్గి నోరు కట్టేసుకున్న మా అత్త కాసేపు ఓపిక పట్టింది, ఇంకాసేపు పట్టింది, చివరికి మిద్దెక్కి పిట్టగోడ మీదికి వంగి, ఎండబెట్టినవన్నీ పాడైపోతున్నాయని తన పాత గొంతుతో అరిచింది. అరిచాక నాలిక్కరుచుకుంది. కింద గడపలో కూర్చున్న అవ్వ ఈసారి తలెత్తి పైకి చూసింది. కోపం వస్తుందేమో అని నేను భయపడ్డాను. అవ్వ బోసినోటితో నవ్వి, "అబ్బా, ఇప్పుడు బాగుండాది. ఇన్ని దినాలూ నువ్వు తిట్టకుంటే నాకు పొద్దే పోలేదు" అంది.

ఆ తరవాత నాలుగైదేళ్ళకు అవ్వ పోయింది. పొద్దు పోవడం కష్టమని అప్పట్లో నాకు తెలియదు. బడి, పిల్లలు, స్కూటరు, ఎటు చూసినా చాలని పొద్దే. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఇప్పుడు తెలుస్తోంది, మనిషికి పొద్దు గడిచేది గడియారంతో కాదు, ఎదురింట్లో మనల్ని ఒక మాట అనేవాళ్ళు ఉంటేనే అని.